కార్బన్ కాపీ ఉందన్నాను

ఉద్యోగంలో చేరిన కొత్తలో మీరంతా పై అధికారికి ఒక అబద్ధం చెప్పే ఉంటారు. "అయిపోయింది సార్, ఒక్క ఐదు నిమిషాలు" అనేది. నేనూ ముప్ఫై ఏళ్ల టైపిస్టు ఉద్యోగంలో అలాంటివి లెక్కలేనన్ని చెప్పాను, హాయిగా మరిచిపోయాను. ఒక్కటి మాత్రం మరపు రాలేదు. అది ఒకే ఒక్క మాట. ఆ మాట విన్నాక ఒక రచయిత్రి తన నాలుగేళ్ల కష్టాన్ని తన చేత్తోనే నీళ్లలో వేసింది. మీలో రాసేవాళ్లున్నారు, రాసేవాళ్ల దగ్గర పనిచేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ సంగతి చెప్పాలనిపించింది.

మాది రాయచోటి. అక్కడి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో హయ్యర్ పాసయి, మా మామ పంపిన వీసా మీద కువైట్ వెళ్లాను. మా దుకాణం ప్రభుత్వ కార్యాలయాల వీధిలో ఉండేది. ఇఖామా అనే నివాస అనుమతి కాగితాలు, అర్జీలు, కఫీల్ అంటే పూచీ యజమాని మారడానికి దరఖాస్తులు, రోజంతా ఇవే. అరబ్బీ టైపింగు ఒక ఈజిప్టు ఆయనది, ఇంగ్లీషు నాది. ఆయన మెషీను కుడి నుంచి ఎడమకు నడిచేది, నాది ఎడమ నుంచి కుడికి. ఇద్దరికీ కలిపి ఒకే ఫ్యాను ఉండటంతో అది ఎటు తిరగాలన్న దాని మీద రోజూ తగవు పడేవాళ్లం.

ఏది కొట్టినా రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టి కొట్టడం మా దుకాణం పద్ధతి. పై ప్రతి కాగితం ఇచ్చినవాళ్లకు, కింది ప్రతి మా ఆకుపచ్చ ఇనుప బీరువాలోకి. ఎవరైనా వచ్చి "నా అర్జీ పోయింది" అంటే అందులోంచి తీసి మళ్లీ కొట్టేవాళ్లం. కంప్యూటర్లు రాకముందు మనిషి జ్ఞాపకశక్తి అంతా అలాంటి బీరువాల్లోనే ఉండేది.

ఒకరోజు సాయంత్రం ఒకావిడ వచ్చి నా బల్ల మీద చేతిరాత కాగితాల కట్ట పెట్టింది. అమెరికా నల్లజాతి మనిషి. యాభై దాటి ఉంటాయి. అక్కడే ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు. కవిత్వం రాస్తుందనీ, రెండు చిన్న పుస్తకాలు అచ్చయ్యాయనీ తర్వాత తెలిసింది.

"ఏం పుస్తకం మేడం?" అన్నాను.

"రాబోయే కాలం కథ."

"రాకెట్లు ఉంటాయా?"

"ఉంటాయి. కానీ ఇది వాటిని నడిపేవాళ్ల బట్టలు ఉతికేవాళ్ల కథ" అంది.

నవల ఏమిటో చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. భూమికి చాలా దూరంలో, శూన్యంలో తేలుతున్న ఒక పెద్ద నగరం. దాన్ని ఏలే దొరలు పెద్ద పెద్ద అంతరిక్ష దుస్తులు తొడుక్కుని వేరే లోకాలకు వెళ్లొస్తుంటారు. ఆ దుస్తులు ఉతకడానికి నగరం అట్టడుగున ఒక చాకిరేవు ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్లంతా తరతరాలుగా నల్లజాతి ఆడవాళ్లే. ఈ నగరంలో తప్ప ఇంకెక్కడా గాలి లేదనీ, బయట అడుగు పెడితే చస్తారనీ వాళ్లకు పుట్టిన దగ్గర నుంచి చెబుతూ వచ్చారు. ఒకరోజు ఒకావిడకు దొర దుస్తుల కుట్టుసందులో ఒక విత్తనం దొరుకుతుంది. విత్తనం ఉందంటే ఎక్కడో నేల ఉంది, నీళ్లున్నాయి, గాలి ఉంది. ఆ సంగతి ఇన్నాళ్లూ దాచారన్నమాట. ఆ ఆడవాళ్లు తాము ఉతికిన దుస్తులనే తొడుక్కుని ఎలా బయటపడ్డారన్నదే మిగతా నవలంతా.

మొదట్లో నేను చదవకుండానే కొట్టాను. టైపిస్టు కళ్లు అక్షరాలు చూస్తాయి, అర్థం చూడవు. మాకు నేర్పింది కూడా అదే. ఆ ఉతికే ఆడవాళ్లు మాట్లాడే ఇంగ్లీషు మాత్రం నాకు వంకరటింకరగా తోచింది. పాపం టీచరమ్మ తొందరలో తప్పులు రాసిందనుకుని, అడగకుండానే అంతా దిద్ది పారేశాను. మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను.

ఆమె నిలబడే నాలుగు పేజీలు చదివింది. "ఇవి ఎవరి మాటలు?" అంది.

"మీ ఆడవాళ్లవే మేడం. కాస్త శుభ్రం చేశాను."

"మా అమ్మ పాతికేళ్లు పరాయి ఇళ్లలో బట్టలు ఉతికింది. ఆమె ఇలాగే మాట్లాడేది. నక్షత్రాల దాకా వెళ్లినా ఆమె ఇలాగే మాట్లాడుతుంది. మళ్లీ కొట్టు."

మళ్లీ కొట్టాను. ఈసారి చదువుతూ కొట్టాను. మా పెద్దమ్మలు బావి దగ్గర మాట్లాడుకున్నట్టే వినిపించింది. మా వైపు మాటలు పుస్తకాల్లోకి ఎందుకు రావో నాకు మొదటిసారి ఆలోచన వచ్చింది.

ఆమె రాసే తీరు చూస్తే నాకు భయమేసేది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బడి వేళ దాకా రాసేది. ఒక్కో పేజీని ఐదారుసార్లు తిరగరాసేది. నేను చక్కగా కొట్టి ఇచ్చిన కాగితం మీద ఎర్ర సిరాతో గీతలు గీసి తెచ్చినప్పుడు నాకు ఒళ్లు మండేది. కవితలు హాజరు చీటీల వెనక రాసేది. నవల రాయలేని రోజున కవిత రాస్తాననీ, కవిత కూడా రాకపోతే పిల్లల కాంపోజిషన్లు దిద్దుతాననీ అనేది. ఆ నవల మొదటి అధ్యాయాలను వాళ్ల దేశంలో ప్రచురణకర్తలు అప్పటికే రెండుసార్లు తిప్పి పంపారట. నల్లవాళ్లకు అంతరిక్షంలో ఏం పని అని ఒకాయన మొహం మీదే అడిగాడట.

"చిన్నప్పుడు నేను చదివిన రాబోయే కాలం కథల్లో మావాళ్లు ఒక్కరూ లేరు" అంది ఒకసారి. "అంటే ఏమిటి అర్థం? అప్పటికి మేమంతా చచ్చిపోయామనేగా? నేను ఒప్పుకోను."

నాలుగు వందల పన్నెండు పేజీలు వచ్చింది. అందులో నా తెలివి ఒకటి ఏడ్చింది. ప్రతి పేజీ నెత్తిన ఎడమ పక్క రచయిత పేరు, కుడి పక్క అంకె ఉండాలని మా రాయచోటి మాస్టారు నేర్పాడు. కాగితాలు కలిసిపోయినా ఎవరివో తెలుస్తుందని. "పేరు మొదటి పేజీలో చాలు కదా" అని ఆమె అంది. "పద్ధతి పద్ధతే మేడం" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. అలా ఆమె పేరు నాలుగు వందల పన్నెండుసార్లు కొట్టాను.

1990 ఆగస్టు మొదటి బుధవారం సాయంత్రం వచ్చి పై ప్రతి తీసుకెళ్లింది. బడికి సెలవులైనా ఈ నవల కోసమే ఊరికి వెళ్లకుండా ఆగిపోయిన మనిషి, శనివారం విమానానికి టికెట్ తీసుకుంది. గురువారం తెల్లవారేసరికి రోడ్ల మీద ఇరాక్ ట్యాంకులున్నాయి.

నేను బ్నీద్ అల్ గార్‌లో ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తులో ఉండేవాణ్ణి. నాతో ఉన్నవాళ్లు దొరికిన బండి పట్టుకుని జోర్డాన్ దారిన వెళ్లిపోయారు. రావాల్సిన జీతం మీద ఆశతో నేను ఆగాను. సరిగ్గా అప్పుడే సబా అల్ సలేం వైపు నుంచి మా కడప ఆడవాళ్లు తొమ్మిదిమంది నడుచుకుంటూ వచ్చారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు. యజమానులు కొందరు ఎండాకాలం విహారానికి వెళ్లి అక్కడే ఉండిపోయారు, కొందరు రాత్రికి రాత్రి సౌదీకి పారిపోయారు. వీళ్లను ఇంట్లో వదిలేశారు. అందరిలోకీ పెద్దావిడను పెద్దక్క అనేవాళ్లం. రాజంపేట వైపు మనిషి, అక్కడ పద్నాలుగేళ్లు చాకిరీ చేసింది, అరబ్బీ గడగడా మాట్లాడేది. నా ఫ్లాటు వాళ్లకిచ్చి నేను కింద వాచ్‌మన్ గదిలో పడుకునేవాణ్ణి.

రెండో వారంలో మేడం వచ్చింది. అమెరికన్ల కోసం బిల్డింగులు గాలిస్తున్నారు, దొరికినవాళ్లను బాగ్దాద్ తీసుకెళ్తున్నారు. ఆమె ఉండే చోటికీ ఆ పొద్దున వచ్చారట. వెనక మెట్ల మీదుగా దిగి, చేతిలో ఒక్క సంచితో, ఎప్పుడో నేను చెప్పిన గుర్తుల మీద వెతుక్కుంటూ వచ్చి మా తలుపు తట్టింది. సంచిలో బట్టలు లేవు. నవల ఉంది. చేతిరాత కాగితాలు ఆ ఇంట్లోనే వాళ్ల పాలయ్యాయట.

ఏం చేయాలో నాకు తోచలేదు. పెద్దక్క ఆమెను కిందికీ పైకీ చూసింది. "ఏమి నాయనా, ఈయమ్మ మన నాగమ్మత్త మాదిరి లేదూ? నల్లగా, ఎత్తుగా. ఆ కండ్లద్దాలు తీసేసి, తలకు గుడ్డ కట్టి, చీర చుడితే ఎవడు కనిపెడతాడు?" అంది.

"మాట్లాడితే దొరికిపోతుంది అక్కా" అన్నాను.

"మాట్లాడేదెందుకు? మూగది. మా చెల్లెలు."

అలా అమెరికా రచయిత్రి మా కడప పనిమనిషి అయింది. ఆడవాళ్లు ఆమెకు చీర కట్టడం, చేత్తో కలుపుకుని తినడం నేర్పారు. అన్నిటికంటే కష్టమైంది గొంతుక్కూర్చోవడం. ఆ వయసులో మోకాళ్లు వంగక పక్కకు పడిపోయేది, వీళ్లు నవ్వలేక చచ్చేవాళ్లు. పాస్‌పోర్టును పెద్దక్క కందిపప్పు డబ్బా అడుగున దాచింది. నవల మాత్రం ఏ డబ్బాలోనూ పట్టలేదు. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది.

కానీ ఆమె తినడం మానేసింది. నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని లేచిపోయేది. తనకేమైనా ఫరవాలేదు, ఈ ఒక్క ప్రతి పోతే ఎలా అన్నదే ఆమె దిగులు. ఒకరోజు అడిగింది: "కార్బన్ కాపీ దుకాణంలోనే ఉందా?"

"చూసి వస్తాను మేడం" అన్నాను.

దుకాణానికి గంటన్నర నడక. మూడు చోట్ల ఆపి జేబులు చూశారు. తీరా వెళితే తలుపు లేదు. టైపు మెషీన్లు, ఫొటోకాపీ మెషీను, చివరికి మా తగవుల ఫ్యాను కూడా లారీలెక్కి వెళ్లిపోయాయి. బీరువా బోర్లా పడి ఉంది, లోపల ఏమీ లేదు. మా ఈజిప్టు ఆయన మెట్టు మీద కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు.

"కాగితాలేవి?" అన్నాను.

వాకిట్లో ఉన్న బూడిద కుప్ప చూపించాడు. "నాలుగు రోజులుగా వాళ్ల టీ దాని మీదే కాగింది. ఖలాస్" అన్నాడు. అతనూ ఇరవై ఏళ్లు అక్కడ పనిచేసినవాడు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఎలా చెప్పాలా అనే ఆలోచన. తలుపు తీసేసరికి ఆమె ఎదురుగా నిలబడి ఉంది. ఆ మొహం చూసి నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "భద్రంగా ఉంది మేడం. బీరువాకు తాళం వేసి ఉంది. దారిలో సోదాలు చేస్తున్నారని తేలేదు."

ఆ పూట ఆమె కడుపునిండా తింది. పెద్దక్క సంబరపడి నాకు ఇంకో గరిటె పప్పు వేసింది. ఆ పప్పు కంచంలోనే వదిలేశాను. అయినా మంచి పనే చేశానని సర్దిచెప్పుకున్నాను. యుద్ధం ముగిశాక చూసుకుందాంలే అనుకున్నాను.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున రొట్టెల వరుసలో నిలబడినప్పుడు రేడియో మాట చెవిన పడింది. అమెరికా, ఇంగ్లండు వాళ్లలాంటి విదేశీయులను దాచినవాళ్లకు ఉరి. రొట్టెలు తీసుకోకుండానే పరుగెత్తుకొచ్చాను. విషయం తెలుగులో పెద్దక్కకు, ఇంగ్లీషులో మేడంకు చెప్పాను. చెప్పకుండా దాచే విషయం కాదు, అక్కడ ఉరికి పోయేవి పది మెడలు, నాదీ ఒకటి.

మేడం సంచి తెచ్చి కాగితాలు నేల మీద పరిచింది. ప్రతి పేజీ నెత్తినా ఆమె పేరు, మొదటి పేజీ మీద బడి చిరునామాతో సహా. ఆ క్షణాన మా మాస్టారి మీద, నా పద్ధతి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

"పేరు కత్తిరించేద్దాం" అంది ఆమె.

రెండు కత్తెరలు, కూరలు తరిగే చాకులు పట్టుకుని అందరం చుట్టూ కూర్చున్నాం. ఆడవాళ్లకు ఇంగ్లీషు రాదు. పై వరుస కోయడమే తెలుసు. ముప్ఫై పేజీలు కూడా అయ్యాయో లేదో, కిటికీ దగ్గర కాపలా ఉన్న, తొమ్మిదిమందిలోకీ చిన్నదైన అమ్మాయి ఉరికి వచ్చింది.

"అక్కా, సిపాయిలు! పక్క బిల్డింగులోకి దూరినారు. ఆడ అయిపోతే ఈడికే!"

"ఎంతమంది?"

"లారీడు మంది ఉండారు."

ఇక కత్తిరించే వేళ లేదు. కత్తిరించినా, ఇంగ్లీషులో టైపు చేసిన అన్ని కాగితాలు పనిమనుషుల గదిలో దొరికితే కరపత్రాలనే అంటారు. అప్పుడు కరపత్రాలకూ అదే శిక్ష. డాబా మీద నీళ్ల తొట్లను ముందు వెతుకుతారు. కాల్చితే పొగ కనిపిస్తుంది. కిటికీలోంచి విసిరేస్తే కింద లారీలో పడుతుంది. ఒక్కొక్కటీ నేనే అనడం, నేనే కాదనడం.

పెద్దక్క అప్పటికే బట్టల తొట్టిలో వేడినీళ్లు వదిలి, సబ్బుపొడి, బ్లీచు పోసేసింది. మేడం చెయ్యి పట్టుకుని తొట్టి వైపు చూపించింది. "చెప్పు నాయనా, ఆయమ్మకు. ఇంగ వేరే దోవ ల్యాదు. పాపం, బిడ్డను మాదిరి మోసుకొచ్చినాది" అంది. పెద్దక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మేడంకు అర్థమైంది. కాగితాల కట్ట గుండెకు ఆనించుకుని నా వైపు తిరిగింది.

"కార్బన్ కాపీ ఉంది కదా?" అంది.

పక్క బిల్డింగు మెట్ల మీద బూట్ల చప్పుడు మా గదిలోకి వినిపిస్తోంది. లేదంటే ఆమె ఆగుతుంది. ఒక్క నిమిషం ఆగినా చాలు, అందరం పోతాం. ఇదంతా ఆలోచించి చెప్పానని ఇప్పుడు గొప్పగా రాసుకోవచ్చు. నిజానికి నాకు చావు భయం తప్ప ఇంకేమీ లేదు.

"ఉంది మేడం" అన్నాను.

మొదటి పేజీ ఆమే వేసింది. తర్వాత మా చేతులన్నీ కదిలాయి. కట్టలుగా వేస్తే మునగలేదు, తేలాయి. అందుకని ఒక్కొక్కరు నలభై పేజీలు పంచుకుని నాలుగు ముక్కలుగా చించి వేశాం. ఆడవాళ్లు మోచేతుల దాకా చేతులు ముంచి పిండిని పిసికినట్టు పిసికారు. ఐదు నిమిషాల్లో నీళ్లు అంబలిలా అయ్యాయి. పైన పాత దుప్పట్లు, లంగాలు వేశారు. మేడం కళ్లద్దాలు తీసి పోపుల డబ్బాలో పడేసి, తొట్టి పక్కన గొంతుక్కూర్చుంది. ఈసారి పడలేదు.

తలుపు మీద తుపాకీ మడమ పడింది.

నలుగురు వచ్చారు. వాళ్లలో ఆఫీసరు కుర్రవాడే, నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ వేడికి చొక్కా మీద చెమట ఎండి ఉప్పు చారలు కట్టింది. ముందు నన్ను పట్టుకున్నాడు. "హిందీ" అన్నాను, అంటే ఇండియావాణ్ణని, పేరు చెప్పాను, ఇఖామా చూపించాను. వదిలేశాడు.

"వీళ్లందరి పాస్‌పోర్టులు తియ్యి" అన్నాడు పెద్దక్కతో.

పెద్దక్క, పాస్‌పోర్టు లేదని అరబ్బీలో అంటూ చేతులు తిప్పింది. "జవాజ్ మాకూ! మా జవాజ్‌లన్నీ మామాల దగ్గరే, ఇంటి యజమానురాళ్ల దగ్గరే ఉంటాయి బాబూ. మామాలు పారిపోయారు, వాటిని ఎత్తుకునే పోయారు. ఏ ఇంటి పనిమనిషినైనా అడుగు, ఎవరి దగ్గరా ఉండదు."

అది అక్షరాలా నిజం. పనిమనిషి పాస్‌పోర్టును యజమాని దాచిపెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. దాని వల్ల మా ఆడవాళ్లు పడ్డ పాట్లు చెప్పనలవి కాదు. తండ్రి చచ్చిపోయినా ఊరికి రాలేకపోయినవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. ఆ దిక్కుమాలిన ఆనవాయితీ ఆ రోజు మాకు అడ్డుపడింది. తొమ్మిదిమందికీ లేని పాస్‌పోర్టు పదో ఆమెకు ఎందుకు లేదని ఎవరడుగుతారు?

ఆఫీసరు వరుసగా అందరి మొహాలూ చూసుకుంటూ తొట్టి దగ్గర ఆగాడు. "ఈమె?"

"మా చెల్లెలు. పుట్టు మూగ."

మేడం తల ఎత్తకుండా దుప్పటి పిండుతోంది. అతను తుపాకీ గొట్టంతో ఒక లంగా పైకెత్తాడు. దాని నుంచి తెల్లటి ముద్ద జారింది. "ఇదేమిటి?"

పెద్దక్క గయ్యిమంది. "సబ్బు! మంచి సబ్బు దొరుకుతుందా ఇప్పుడు? ఈ పాడు పొడి కరిగి చావదు, ముద్దలు కడుతుంది. నీ చొక్కా చూడు ఎట్లుందో, మీ అమ్మ చూస్తే ఏడుస్తుంది. ఇటియ్యి, ఉతికిస్తాం."

ఆమె అలా అంటుందని మేమెవరం అనుకోలేదు. అతనూ అనుకోలేదు. ఒక్క క్షణం తడబడి, తర్వాత నిజంగానే చొక్కా విప్పి తొట్టిలోకి విసిరాడు. సరిగ్గా ఆ నవల ముద్దలోకి.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతని సిపాయిలు వంటింట్లో డబ్బాలు తెరిచి చూస్తున్నారు. పప్పు డబ్బా మూత తీసి, మూసి, పక్కన ఉన్న చక్కెర డబ్బా చంకలో పెట్టుకున్నారు. ఇక్కడ మేడం శత్రువు చొక్కా ఉతుకుతోంది. కాలరు రుద్దింది, చంకలు రుద్దింది, పక్క బకెట్లో జాడించింది. పైకెత్తినప్పుడు నాకు కనిపించింది. చొక్కా జేబు మీద గోరంత కాగితం ముక్క అంటుకుని ఉంది, దాని మీద నేను కొట్టిన అక్షరాలు నల్లగా కనిపిస్తున్నాయి. నాకు కనిపిస్తే అతనికీ కనిపిస్తుంది. అరవలేను, సైగ చేయలేను.

ఆమెకు కళ్లద్దాలు లేకపోతే కనిపించదు. కానీ ఉతికేవాళ్ల చేతులకు కళ్లక్కర్లేదేమో. జేబు మీద వేళ్లు పోనిచ్చి, ఆ ముక్కను తడిమి, గోటితో గీకి నలిపేసింది. చొక్కా దులిపి రెండు చేతులతో అందించింది.

అతను ఆ తడి చొక్కానే తొడుక్కున్నాడు. ఆ ఎండలో చల్లగా అనిపించిందేమో, "షుక్రన్" అని థాంక్స్ చెప్పాడు. తలుపు దగ్గరకు వేయకుండానే వెళ్లిపోయారు. మెట్ల కింద లారీ చప్పుడు దూరమయ్యాక చిన్నమ్మాయి వెళ్లి తలుపు గడియ పెట్టింది. పెద్దక్క గోడకు చేరబడి, "పోయినారు తల్లీ" అని మేడం తల నిమిరింది. మేడం తొట్టి వదిలి లేవలేదు. అందులో చేతులు పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

రెండు మూడు రోజులకే విదేశీ ఆడవాళ్లనూ పిల్లలనూ వదిలేస్తున్నామని ప్రకటించారు. నిజమో ఉచ్చో తెలియక ఇంకో వారం ఆగాం. చివరికి వెళ్తాననే నిర్ణయించుకుంది. బాగ్దాద్ దాకా బస్సు, అక్కణ్నుంచి విమానం. బయల్దేరే ముందురోజు సాయంత్రం మెట్ల మీద ఒంటరిగా దొరికింది. ఇక చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

"మేడం, కార్బన్ కాపీ లేదు. ఆ రోజు దుకాణానికి వెళ్లేసరికే కాల్చేశారు. మీకు అబద్ధం చెప్పాను. రెండుసార్లు."

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి.

"తెలుసు" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఖాళీ చేతులతో వచ్చిన రోజే. ఉండి ఉంటే నువ్వు ఎలాగైనా తెచ్చేవాడివి. తాళం వేసి ఉందని చెప్పి వచ్చే మనిషివి కాదు."

"మరి ఆ పూట అంత కడుపునిండా తిన్నారు కదా?"

"అంత దూరం నడిచి వచ్చి అబద్ధం చెప్పావు. తినకపోతే ఎలా?"

ఇంకోటి అడిగాను. "తెలిసి కూడా తొట్టి దగ్గర మళ్లీ ఎందుకు అడిగారు?"

ఆమె తన చేతులు చూసుకుంది. బ్లీచుకు చర్మం పొరలు లేచి ఉంది. "వేయాలని తెలుసు. చేతులు కదల్లేదు. ఎవరో ఒకరు ఉందని అనాలి. నువ్వు అన్నావు" అంది.

మర్నాడు పొద్దున బస్సెక్కింది. ఆడవాళ్లంతా ఏడ్చారు. పెద్దక్క ఆమె నుదుటిని తాకి మెటికలు విరిచింది. తర్వాత నెలకు మేమూ బస్రా, బాగ్దాద్, అమ్మాన్ మీదుగా ఇంటికి చేరాం. మళ్లీ నేను కువైట్ వెళ్లలేదు. మా ఊళ్లోనే కోర్టు ముందు మెషీను పెట్టుకున్నాను, మెషీన్లు పోయాక కంప్యూటరు నేర్చుకున్నాను. ఆమె ఇంకో మూడు కవితా పుస్తకాలు వేసిందని, ఆ నవల మళ్లీ రాయలేదని ఉత్తరాల వల్ల తెలుస్తుండేది. ఎందుకు రాయలేదని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కొన్నాళ్లకు ఉత్తరాలు ఆగిపోయాయి.

పోయిన ఏడాది ఆమె మేనకోడలు రాసింది. అత్త కాలం చేసిందని, ఆమె రాతలన్నీ ఒకచోట చేరుస్తున్నామని. ఉత్తరం చివర ఇలా ఉంది: "ఉతికేవాళ్ల నవల ఏమైందని అడిగిన ప్రతివాళ్లకూ అత్త ఒకటే జవాబు చెప్పేది. దానికి కార్బన్ కాపీ ఉంది, నా టైపిస్టు దగ్గర భద్రంగా ఉంది అని. అది మీ దగ్గర నిజంగా ఉందా?"

ఆ ఉత్తరం పట్టుకుని వారం రోజులు తిరిగాను. మా ఆవిడ ఒంట్లో బాగా లేదేమో అనుకుంది. నిజం రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా, మొదటి వాక్యం దాటలేదు. ఆ నవలను మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్లం ఇద్దరమే. రాసినావిడ వెళ్లిపోయింది. మిగిలింది కొట్టినవాణ్ణి.

చివరికి, ఉంది అని జవాబు రాశాను. పాతబడి చాలాచోట్ల మసకగా ఉందని, కొన్ని పేజీలు అసలే కనిపించడం లేదని, కనిపించినంత వరకు టైపు చేసి పంపుతానని రాశాను. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున లేచి, గుర్తున్నది గుర్తున్నట్టు కొడుతున్నాను. ఆ ఆడవాళ్ల మాటల్లో ఒక్కటి కూడా దిద్దడం లేదు. అన్నిటికంటే బాగా గుర్తున్న చివరి పేజీని ముందు పంపాను.

అందులో ఆ ఆడవాళ్లు కొత్త నేల మీద దిగుతారు. మొదట దిగినావిడ మోకాళ్ల మీద కూర్చుని చేతి తొడుగు తీసి మట్టిని తాకుతుంది. తడిగా ఉంటుంది. గాలి ఉందో లేదో ఇంకా తెలియదు. వెనక ఉన్నవాళ్లు ఆత్రంగా శిరస్త్రాణాలు విప్పబోతే వద్దని చెయ్యి అడ్డం పెడుతుంది. నిచ్చెన మీద ఇంకా ముగ్గురున్నారు, అందులో ఒకావిడ ముసలిది, మోకాళ్లు వంగవు. ఆమె దిగేదాకా అందరూ ఆగుతారు. ముసలావిడ కాలు నేల మీద ఆనాక, ఒకరి వంక ఒకరు చూసుకుని, అందరూ ఒకేసారి విప్పుతారు.